హైదరాబాద్ నగర కేంద్రంలో తక్కువ ఖర్చుతో బస: ముందుగా చూసుకోవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్ నగరానికి వచ్చి ఒకటి రెండు రాత్రులు బస చేసేవారంతా విహారయాత్రికులు కారు. నిమ్స్‌లోనో, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనో రోగిని చూపించడానికి వచ్చే కుటుంబాలు, హైకోర్టులో వాయిదా ఉన్న కక్షిదారులు, ఉద్యోగ నియామక పరీక్ష రాయడానికి వచ్చే అభ్యర్థులు, బేగంబజార్‌లో టోకున సరకు కొనే చిల్లర వర్తకులు, సచివాలయంలో పని ఉండి వచ్చే జిల్లా ఉద్యోగులు వీరిలో ఉంటారు. వీరికి బస ఖర్చు విలాసం కాదు. అది వైద్యం ఖర్చులోనో, కోర్టు ఖర్చులోనో, పరీక్ష ఖర్చులోనో ఒక భాగం. అందువల్ల అద్దె తక్కువగా ఉన్న గదిని ఎంచుకోవడం సహజం.

అయితే బోర్డు మీద రాసిన అద్దె ఒక్కటే బస ఖర్చు కాదు. గది ఏ గంట నుంచి ఏ గంట వరకు మనది, దానిపై పన్ను ఎంత, పని ఉన్న చోటికి రానుపోను ఎంత అవుతుంది అన్నవి కలిపితేనే అసలు ఖర్చు తేలుతుంది. అద్దె తగ్గించుకోవడానికి ఎన్నో సౌకర్యాలు వదులుకోవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు భవనం నుంచి బయటపడే దారిని మాత్రం వదులుకోరాదు. ఈ రెండు విషయాలను దృష్టిలో ఉంచుకుని సందర్శకులు గమనించవలసిన అంశాలను, పాత్రికేయులకు, అధికారులకు ఉపయోగపడే వివరాలను ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

నగర కేంద్రం అంటే ఏది?

హైదరాబాద్‌కు ఒకే కేంద్రం లేదు. రైల్వే స్టేషన్ల చుట్టూ, బస్ స్టేషన్ల చుట్టూ బస ప్రాంతాలు వేర్వేరుగా పెరిగాయి. 1874లో ప్రారంభమైన సికింద్రాబాద్ స్టేషన్, 1907 నాటి నాంపల్లి స్టేషన్, 1916 నాటి కాచిగూడ స్టేషన్ ఇందుకు మూలాలు. రైలు టిక్కెట్లపై కనిపించే 'హైదరాబాద్ దక్కన్' నాంపల్లి స్టేషనే. రైలు దిగిన ప్రయాణికుల కోసం నిజాం కాలంలోనే నాంపల్లి స్టేషన్ సమీపంలో సరాయి నిర్మించారు. ఆ తరువాతి కాలంలో నాంపల్లి, ఆబిడ్స్, కోఠి, లక్డీకాపూల్, కాచిగూడ, సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాలలో చిన్న, మధ్యతరహా లాడ్జీలు వెలిశాయి. ఇప్పటికీ తక్కువ అద్దె గదులు ఎక్కువగా దొరికేది ఈ ప్రాంతాలలోనే.

ఇక్కడ ఒక మాట గమనించాలి. నగరంలో వాడుకలో 'హోటల్' అంటే భోజనశాల లేదా ఇరానీ చాయ్ దుకాణం అని కూడా అర్థం. ఆటోవారిని, బాటసారులను దారి అడిగేటప్పుడు 'లాడ్జి' అని అడగడమే స్పష్టంగా ఉంటుంది.

ఏ పనికి ఏ ప్రాంతం?

బస చేసే చోటును అద్దెను బట్టి కాక, పని ఉన్న చోటును బట్టి ఎంచుకోవడం మేలు.

- ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నీలోఫర్ పిల్లల ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో ఉన్నాయి. ఇక్కడికి వచ్చేవారికి లక్డీకాపూల్, నాంపల్లి దగ్గర.
- నిమ్స్ ఆసుపత్రి పంజాగుట్టలో ఉన్నది. పంజాగుట్ట, ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్లు దీనికి సమీపం. అక్కడ అద్దె భారం అనుకున్నవారు అదే మెట్రో మార్గంపై లక్డీకాపూల్‌లో గానీ నాంపల్లిలో గానీ గది చూసుకోవచ్చు.
- అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి, మూసీకి ఆవలి ఒడ్డున ఉన్న హైకోర్టు, బేగంబజార్ టోకు మార్కెట్‌లలో పని ఉన్నవారికి నాంపల్లి, కోఠి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ పరిసరాలు అనుకూలం.
- శాసనసభ, రవీంద్రభారతి, 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన నూతన సచివాలయ భవనాలకు లక్డీకాపూల్, ఖైరతాబాద్, నాంపల్లి దగ్గర.
- గాంధీ ఆసుపత్రికి సికింద్రాబాద్ అన్నివిధాలా దగ్గర.
- పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం నాంపల్లిలో ఉన్నంత మాత్రాన పరీక్ష కేంద్రం కూడా అక్కడే ఉంటుందని అభ్యర్థులు భావించరాదు. పరీక్ష కేంద్రాలు నగరమంతటా, శివారులలోనూ ఉంటాయి. హాల్ టిక్కెట్ చేతికి వచ్చిన తరువాతే గది ఖరారు చేసుకోవడం మంచిది. అంతకుముందే తీసుకోవలసి వస్తే, డబ్బు నష్టపోకుండా రద్దు చేసుకునే వీలున్న గదిని తీసుకోవాలి.

రవాణా

మెట్రో రైలు వచ్చిన తరువాత బస ప్రాంతం ఎంపికకు కొత్త వెసులుబాటు కలిగింది. మెట్రో తొలి మార్గం 2017 నవంబర్ 28న ప్రారంభమైంది. మియాపూర్ – ఎల్.బి.నగర్ మార్గం 2018 సెప్టెంబర్ 24న పూర్తయింది. జూబ్లీ బస్ స్టేషన్ – మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రారంభం కావడంతో మూడు మార్గాలలో సుమారు 69 కిలోమీటర్ల వ్యవస్థ ఏర్పడింది. అమీర్‌పేట, మహాత్మాగాంధీ బస్ స్టేషన్, పరేడ్ గ్రౌండ్స్ వద్ద మార్గం మారవచ్చు.

నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్, పంజాగుట్ట, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఒకే మార్గంపై ఉన్నాయి. నాంపల్లి నుంచి లక్డీకాపూల్ రెండో స్టేషన్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మూడో స్టేషన్. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు చేరువలో తూర్పు, పడమర పేర్లతో రెండు మెట్రో స్టేషన్లు వేర్వేరు మార్గాలపై ఉన్నాయి. కోఠి వైపు వెళ్లేవారు పడమర స్టేషన్‌లో, అమీర్‌పేట వైపు వెళ్లేవారు తూర్పు స్టేషన్‌లో ఎక్కాలి. కాచిగూడ రైల్వే స్టేషన్‌ను ఆనుకుని మెట్రో లేదు. అక్కడ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు, సిటీ బస్సులు ఉపయోగపడతాయి.

రైలు టిక్కెట్ తీసుకున్నవారు ఏ స్టేషన్‌లో దిగుతున్నారో మరొకసారి సరిచూసుకోవాలి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణ పనుల కారణంగా కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరి 6న ప్రారంభమైంది. అది నగరానికి తూర్పు శివారున ఉన్నది. మెట్రో మార్గం అక్కడి వరకు లేదు. సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట గది తీసుకుని, తెల్లవారుజామున చర్లపల్లిలో దిగితే లాడ్జి చేరడానికే ఆటోకు గణనీయంగా ఖర్చవుతుంది.

బస్సులలో వచ్చేవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కరీంనగర్, నిజామాబాద్, సిద్దిపేట వైపు బస్సులు ప్రధానంగా జూబ్లీ బస్ స్టేషన్ నుంచి, ఆంధ్రప్రదేశ్ వైపు బస్సులు ప్రధానంగా మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి నడుస్తాయి. తెలంగాణ నివాసులైన మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోనూ, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోనూ ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. నివాసాన్ని తెలిపే గుర్తింపు కార్డు వెంట ఉండాలి. ఆసుపత్రికి పలుమార్లు తిరిగే మహిళా సహాయకులకు బస ప్రణాళికలో ఇది లెక్కలోకి వచ్చే అంశం.

ఉదాహరణకు, దూరంగా ఉన్న లాడ్జిలో అద్దె రోజుకు 900 రూపాయలు, ఆసుపత్రికి నడిచి వెళ్లగల లాడ్జిలో 1,300 రూపాయలు అనుకుందాం. 5 శాతం పన్నుతో ఇవి 945, 1,365 రూపాయలు అవుతాయి. తేడా 420 రూపాయలు. దూరపు లాడ్జి నుంచి ఆటోకు ఒక్కోసారి 150 రూపాయల చొప్పున రోజుకు రెండు ప్రయాణాలకు 300 రూపాయలు. రోగికి రెండు పూటలా భోజనం తీసుకెళ్లే సహాయకుడికి నాలుగు ప్రయాణాలు తప్పవు. అప్పుడు 600 రూపాయలు. అంటే దూరపు గదికి రోజు ఖర్చు 1,545 రూపాయలు. తక్కువ అద్దె గదే ఎక్కువ ఖరీదు అయింది. ఈ అంకెలు లెక్క వేసే పద్ధతిని చూపడానికి మాత్రమే. ఎవరి ప్రయాణాల సంఖ్యను బట్టి వారు లెక్క వేసుకోవాలి.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

లాడ్జీలలో రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది 24 గంటల పద్ధతి. గదిలో దిగిన గంట నుంచి 24 గంటలకు ఒక రోజు. రెండవది నిర్ణీత వేళ పద్ధతి. ఎప్పుడు దిగినా మధ్యాహ్నం 12 గంటలకో, లాడ్జి పెట్టుకున్న మరో వేళకో రోజు ముగుస్తుంది. తెల్లవారుజామున రైలు దిగి, మరుసటి రాత్రి రైలు ఎక్కే ప్రయాణికుడికి ఈ తేడాయే అద్దె తేడా కంటే పెద్దది.

ఉదయం 5 గంటలకు దిగి, మరుసటి రోజు రాత్రి 9 గంటలకు ఖాళీ చేసే కుటుంబాన్ని తీసుకుందాం. గది అద్దె 1,200 రూపాయలు. 24 గంటల పద్ధతిలో రెండు రోజుల అద్దె, పన్నుతో కలిపి 2,520 రూపాయలు. మధ్యాహ్నం 12 గంటల పద్ధతిని కచ్చితంగా పాటించే చోట మొదటి ఉదయానికి ఒకటి, మరుసటి మధ్యాహ్నం వరకు ఒకటి, ఆ సాయంత్రానికి ఒకటి, మొత్తం మూడు రోజుల అద్దె పడుతుంది. అది 3,780 రూపాయలు. 24 గంటల పద్ధతి ఉన్న చోట 1,500 రూపాయల గది తీసుకున్నా, పన్నుతో 3,150 రూపాయలే అవుతుంది.

వృద్ధులు, రోగులు వెంట లేనివారికి మరొక మార్గం ఉన్నది. ఉదయం స్టేషన్ నిరీక్షణ మందిరంలో స్నానాదికాలు ముగించుకుని, సామాను క్లోక్ రూమ్‌లో ఉంచి పని చూసుకుని, మధ్యాహ్నం గదిలో దిగవచ్చు. మరుసటి మధ్యాహ్నం ఖాళీ చేసి సామాను మళ్లీ క్లోక్ రూమ్‌లో ఉంచవచ్చు. అప్పుడు ఒకే రోజు అద్దెతో సరిపోతుంది. క్లోక్ రూమ్‌లో ఉంచే సామానుకు తాళం ఉండాలి.

గది మాట్లాడుకునేటప్పుడే ఈ ప్రశ్నలకు సమాధానం తీసుకోవాలి: రోజు ఎప్పుడు ముగుస్తుంది? గంట ఆలస్యమైతే పూర్తి రోజు అద్దె తీసుకుంటారా? చెప్పిన అద్దె ఎంతమందికి? అదనపు మంచానికి, ఏసీకి, వేడినీళ్లకు వేరుగా ఏమైనా ఉన్నదా? వేడినీళ్లు రోజంతా వస్తాయా, ఉదయం మాత్రమేనా? లిఫ్ట్ ఉన్నదా? అడ్వాన్స్ ఎంత, దానికి రసీదు ఇస్తారా?

గదిపై పన్ను

హోటల్ గదులపై వస్తు సేవల పన్ను రేట్లు పలుమార్లు మారాయి. పాత కథనాలలోని రేట్లను నేటి రేట్లుగా పేర్కొనడం తరచు జరిగే పొరపాటు కనుక పాత్రికేయులు ఈ క్రమాన్ని గమనించగలరు.

- 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు రోజుకు వెయ్యి రూపాయల లోపు గదులకు పన్ను లేదు.
- 2019 అక్టోబర్ 1 నుంచి వెయ్యి మొదలు 7,500 రూపాయల వరకు 12 శాతం, ఆపైన 18 శాతంగా రేట్లు సవరించారు.
- 2022 జూలై 18న వెయ్యి లోపు గదులకు ఉన్న మినహాయింపు తొలగిపోయింది. ఆ గదులకూ 12 శాతం పన్ను వచ్చింది.
- 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు 5 శాతం రేటు అమలులోకి వచ్చింది. ఇందులో హోటల్ యజమానికి ముడి పన్ను జమ లభించదు. 7,500 దాటిన గదులకు 18 శాతం.

రేటును నిర్ణయించేది బోర్డు మీది అద్దె కాదు. వాస్తవంగా వసూలు చేసిన మొత్తమే లెక్క. హోటల్ ఉన్న రాష్ట్రంలోనే సేవ అందినట్లు పరిగణిస్తారు కనుక, 5 శాతం పన్ను బిల్లుపై కేంద్ర, రాష్ట్ర పద్దుల కింద రెండున్నర శాతం చొప్పున కనిపించాలి.

ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు వ్యాపారం ఉన్న చిన్న లాడ్జీకి సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. నమోదు లేని లాడ్జి తన కౌంటర్ వద్ద జీఎస్టీ పేరుతో డబ్బు వసూలు చేయరాదు. అదే లాడ్జి గదిని ఆన్‌లైన్ సంస్థ ద్వారా తీసుకుంటే, పన్ను చెల్లించే బాధ్యత ఆ సంస్థపై ఉంటుంది. అందువల్ల ఒకే గదికి కౌంటర్ వద్ద పన్ను లేకపోవడం, ఆన్‌లైన్‌లో ఉండటం రెండూ సక్రమమే కావచ్చు.

పన్ను వేసిన బిల్లుపై 15 అక్షరాలు, అంకెలు గల జీఎస్టీ నమోదు సంఖ్య ఉండాలి. తెలంగాణలో నమోదైన సంస్థల సంఖ్య 36తో మొదలవుతుంది. అధికారిక పర్యటనపై వచ్చే ఉద్యోగులు తమ పేరు, దిగిన తేదీ, వేళ, ఖాళీ చేసిన తేదీ, వేళ, అద్దె, పన్ను విడివిడిగా ఉన్న బిల్లును అడిగి తీసుకోవాలి. చిత్తు కాగితంపై రాసిన మొత్తం ప్రయాణ భత్యం బిల్లుకు ఆధారంగా నిలవదు.

హోటళ్లు, రెస్టారెంట్లు సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. వీటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. సర్వీస్ ఛార్జి పన్ను కాదు.

లాడ్జి కాక ఇతర మార్గాలు

రైల్వే విశ్రాంతి గదులు తక్కువ ఖర్చుతో ఒక రాత్రి గడపడానికి అనువైనవి. ధ్రువీకరించిన టిక్కెట్ లేదా ఆర్.ఎ.సి. టిక్కెట్ ఉన్నవారు తమ పి.ఎన్.ఆర్. సంఖ్యతో ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా వీటిని ముందుగా కేటాయింపు చేసుకోవచ్చు. కొన్ని స్టేషన్లలో డార్మిటరీ పడకలు కూడా ఉంటాయి. పునర్నిర్మాణం జరిగే స్టేషన్లలో గదుల సంఖ్య మారే అవకాశం ఉన్నందున, ప్రయాణానికి ముందే సరిచూసుకోవాలి.

నగరంలో వివిధ సామాజిక వర్గాల, ధార్మిక సంస్థల సత్రాలు, ధర్మశాలలు ఉన్నాయి. వీటిలో కొన్ని తమ వర్గానికే పరిమితం. కొన్నింటిలో ప్రవేశ వేళలు, భోజన నియమాలు ఉంటాయి. ముందుగా ఫోన్ చేసి తెలుసుకోకుండా సామానుతో వెళ్లడం శ్రేయస్కరం కాదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల వద్ద రోగుల సహాయకుల కోసం ఆశ్రయ కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వీటి గురించి ఆసుపత్రిలోని విచారణ కౌంటర్‌లో అడగాలి. గది తీసుకునే స్తోమత లేక ఆసుపత్రి ఆవరణలో చెట్ల కింద రాత్రులు గడిపేవారిలో ఈ సౌకర్యం గురించి తెలియనివారూ ఉంటారు.

గదులకు గిరాకీ పెరిగే రోజులు

నాంపల్లిలోని ఎగ్జిబిషన్ మైదానంలో 'నుమాయిష్' సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు జరుగుతుంది. 1938లో మొదలైన ఈ ప్రదర్శనకు దేశం నలుమూలల నుంచి వర్తకులు వస్తారు. అదే మైదానంలో మృగశిర కార్తె ప్రవేశించే వేళ, జూన్ నెలలో, చేప ప్రసాదం పంపిణీ జరుగుతుంది. ఇందుకోసం ఇతర రాష్ట్రాల నుంచి కూడా ఉబ్బస రోగులు వస్తారు. ఆ రెండు మూడు రోజులు నాంపల్లిలో గది దొరకడం కష్టం. ఆషాఢ బోనాల సందర్భంగా సికింద్రాబాద్‌లోనూ, అనంత చతుర్దశి నాడు గణేశ నిమజ్జనం సందర్భంగా హుస్సేన్ సాగర్ పరిసరాలలోనూ ట్రాఫిక్ ఆంక్షలు ఉంటాయి. గది దొరికినా దాని వద్దకు వాహనం వెళ్లకపోవచ్చు. పెద్ద నియామక పరీక్షలు జరిగే ఆదివారాలకు ముందు శనివారం రాత్రి కూడా ఇదే పరిస్థితి. ఇటువంటి రోజులలో పని ఉన్నవారు నగర కేంద్రానికి కొంచెం దూరమైనా, మెట్రో స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న ప్రాంతాలు చూసుకోవడం మంచిది.

ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు

ఆన్‌లైన్ బుకింగ్‌లో మొదటి తెరపై కనిపించే ధరకూ, చివర చెల్లించే ధరకూ తేడా ఉండటం చాలామందికి అనుభవమే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న వినియోగదారులను తప్పుదారి పట్టించే 13 రకాల ఆన్‌లైన్ పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు జారీ చేసింది. లేని కొరతను ఉన్నట్లు చూపి తొందరపెట్టడం, అడగని బీమానో విరాళమో బిల్లులో చేర్చడం, అసలు ధరను చివరి వరకు దాచడం ఇందులో ఉన్నాయి. 'ఒక్క గది మాత్రమే మిగిలింది' అన్న ప్రకటన చూసి కంగారుపడి డబ్బు చెల్లించనవసరం లేదు. అదే లాడ్జికి ఫోన్ చేసి గది ఉన్నదో లేదో, కౌంటర్ వద్ద అద్దె ఎంతో అడగవచ్చు.

ఫోన్ నంబర్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. లాడ్జీల పేరుతో నకిలీ నంబర్లు, నకిలీ వెబ్‌సైట్లు పెట్టి అడ్వాన్స్ వసూలు చేసే మోసాలు ఉన్నాయి. వ్యక్తిగత ఖాతాకు మొత్తం డబ్బు ముందే పంపమని కోరితే అనుమానించాలి. మోసపోయినట్లు గ్రహించిన వెంటనే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు ఎంత త్వరగా అందితే డబ్బును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

రైల్వే స్టేషన్ బయట 'చవక గది చూపిస్తాం' అంటూ వెంటపడేవారికి లాడ్జి నుంచి కమీషన్ ముట్టవచ్చు. ఆ కమీషన్ చివరకు చేరేది అద్దెలోనే.

బయటపడే దారి

నగర కేంద్రంలోని లాడ్జీలు చాలావరకు స్థలాభావం ఉన్న వాణిజ్య వీధులలో ఉన్నాయి. కింద దుకాణం, పైన గదులు, మధ్యలో ఒకే మెట్ల దారి అన్నది తరచు కనిపించే నిర్మాణం. ఈ నిర్మాణంలో ఉన్న ప్రమాదం ఏమిటో 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో తెలిసివచ్చింది. ఒక లాడ్జి భవనం కింది భాగంలో ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు చెలరేగాయి. దట్టమైన పొగ పై అంతస్తులకు ఎగబాకింది. 8 మంది మరణించారు. పనుల మీద వేరే ఊళ్ల నుంచి వచ్చి గదులు తీసుకున్నవారు వారిలో ఉన్నారు.

ఇది ఒంటరి సంఘటన కాదు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున హోటల్ అగ్నిప్రమాదంలో 17 మంది, విజయవాడలో కోవిడ్ చికిత్స కేంద్రంగా వాడుతున్న హోటల్‌లో 2020 ఆగస్టు 9న 10 మంది, కోల్‌కతాలో 2025 ఏప్రిల్ 29న 14 మంది మరణించారు. ఇటువంటి ప్రమాదాలలో మంటల కంటే ముందు పొగే ప్రాణాలు తీస్తుంది. నిద్రలో ఉన్నవారికి, భవనం కొత్త అయినవారికి దారి తెలియదు. ఒక్క మెట్ల దారి పొగతో నిండితే అది పొగగొట్టంగా మారుతుంది.

అగ్నిమాపక నిబంధనలను అమలు చేయవలసింది యజమానులు, సంబంధిత శాఖలు. ఆ బాధ్యత అతిథిది కాదు. అయినా గది తీసుకునే ముందు ఐదు నిమిషాలు వెచ్చించి కింది అంశాలు చూసుకోవచ్చు. దీనికి ఖర్చు ఏమీ లేదు.

- భవనం కింది అంతస్తులో, సెల్లార్‌లో ఏమున్నది? బ్యాటరీ వాహనాల ఛార్జింగ్, గ్యాస్ సిలిండర్లు, రంగులు, ఫోమ్, ప్లాస్టిక్ నిల్వలు ఉంటే వేరే చోటు చూసుకోవడం ఉత్తమం.
- రెండవ మెట్ల దారి ఉన్నదా? ఉంటే దాని తలుపు తాళం వేసి ఉన్నదా? దానిలో పరుపులు, పాత సామాను పేర్చారా? తాళం వేసిన అత్యవసర ద్వారం లేనట్లే.
- గదికి బయటికి తెరుచుకునే కిటికీ ఉన్నదా? కిటికీలేని గది వంద రూపాయలు తక్కువకు వచ్చినా తీసుకోరాదు. కిటికీని పూర్తిగా మూసిన అద్దాలు, ప్రకటన బోర్డులు కూడా పొగ బయటికి పోకుండా అడ్డుకుంటాయి.
- వరండాలో అగ్నిమాపక సిలిండర్ ఉన్నదా? దానిపై నింపిన తేదీ, గడువు తేదీ ఉన్నాయా?
- గది తలుపు నుంచి మెట్ల వరకు ఎన్ని తలుపులు దాటాలి? లెక్కపెట్టి గుర్తుంచుకుంటే, చీకటిలో, పొగలో గోడను తడుముకుంటూ వెళ్లవచ్చు.

రోగులు, వృద్ధులు, చిన్నపిల్లలు వెంట ఉన్నవారు మొదటి లేదా రెండవ అంతస్తులో గది అడగాలి. ప్రమాద సమయంలో లిఫ్ట్ వాడరాదు. మెట్ల దారి పొగతో నిండి ఉంటే గదిలోనే ఉండి, తలుపు సందులలో తడి దుప్పటి కుక్కి, కిటికీ వద్దకు చేరి సహాయం కోసం పిలవాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నేలకు వంగి కదలాలి. అగ్నిమాపక శాఖ సంఖ్య 101, అత్యవసర సేవల సంఖ్య 112.

గుర్తింపు పత్రాలు

బస చేసే ప్రతి పెద్దవారి గుర్తింపును లాడ్జి నమోదు చేసుకుంటుంది. ఓటరు గుర్తింపు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్, ఆధార్‌లలో ఏదైనా వెంట ఉంచుకోవాలి. పాన్ కార్డుపై చిరునామా ఉండదు కనుక దానిని చాలాచోట్ల అంగీకరించరు. ఆధార్ ప్రతి ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' ఇవ్వవచ్చు. ప్రతిపై తేదీ, ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో రాయడం మంచి అలవాటు. రిజిస్టర్‌లో దిగిన వేళ సరిగా రాశారో లేదో సంతకం పెట్టే ముందు చూసుకోవాలి. 24 గంటల పద్ధతిలో అద్దె లెక్కకు అదే ఆధారం.

విదేశీయులకు గది ఇచ్చిన యజమాని ఆ వివరాలను 24 గంటలలోగా ఆన్‌లైన్‌లో అధికారులకు తెలియజేయాలి. చిన్న లాడ్జీలు కొన్ని ఈ ఏర్పాటు లేక విదేశీయులను చేర్చుకోవు. విదేశీ పౌరసత్వం తీసుకున్న ప్రవాస తెలుగువారు గది తీసుకునే ముందే ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

చెప్పిన అద్దె కంటే ఎక్కువ వసూలు చేసినా, అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోయినా, ఆన్‌లైన్‌లో ఖరారైన గదిని ఇవ్వకపోయినా మొదట లాడ్జి నిర్వాహకుడికి రాతపూర్వకంగా తెలియజేయాలి. పరిష్కారం లభించకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయవచ్చు. 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. అంటే ఆదిలాబాద్ వాసి హైదరాబాద్ లాడ్జిపై ఫిర్యాదు చేయడానికి మళ్లీ హైదరాబాద్ రానవసరం లేదు. బిల్లు, చెల్లింపు రసీదు, సంభాషణల ప్రతులు భద్రపరచుకోవాలి.

సంక్షిప్తంగా

- పని ఉన్న చోటును, దిగే స్టేషన్‌ను ముందుగా ఖరారు చేసుకుని, ఆ తరువాత గది చూసుకోవాలి.
- అద్దె, పన్ను, రానుపోను ఖర్చు, రోజు ముగిసే వేళ నాలుగూ కలిపి పోల్చాలి.
- 7,500 రూపాయల వరకు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలైన జీఎస్టీ రేటు 5 శాతం. నమోదు సంఖ్య ఉన్న బిల్లు తీసుకోవాలి.
- నుమాయిష్, మృగశిర కార్తె, నిమజ్జనం, పెద్ద పరీక్షల రోజులలో ముందుగా గది ఖరారు చేసుకోవాలి.
- కిటికీ, రెండవ మెట్ల దారి, కింది అంతస్తులోని దుకాణం చూసిన తరువాతే అడ్వాన్స్ ఇవ్వాలి.
- అవసరమైన ఫోన్ సంఖ్యలు: అత్యవసర సేవలు 112, అగ్నిమాపక శాఖ 101, వినియోగదారుల సహాయం 1915, సైబర్ మోసాలు 1930.